ఎడమ మూల పసుపు

మార్చి నెల. మైనస్ తొమ్మిది.
హియుమా దీవి చుట్టూ సముద్రం గడ్డకట్టి
నోరు మూసుకుంది.
పగలంతా ఫెర్రీ ఇంజన్ల నూనెలో మునిగిన ఈ చేతులే
ఇప్పుడు ఒక మరను వెంట్రుకవాసి ముందుకి తిప్పి
అర వెంట్రుక వెనక్కి తిప్పుతున్నాయి.

సూది గెలాక్సీ.
నాలుగు కోట్ల ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుగు
మా కొట్టం వెనక, జూనిపర్ పొదల మధ్య
అల్యూమినియం గొట్టంలోకి దిగుతోంది.
ఒక్కో ఫొటోకి ఐదు నిమిషాలు.
ఆ ఐదు నిమిషాలూ నేను దగ్గకూడదు,
ముస్తి తోక ఊపకూడదు.
ముస్తి మా కుక్క. దానికి ఈ సంగతి తెలీదు.

తెల్లారాక వంటింటి బల్ల మీద అసలు పని.
సగం నక్షత్రాలు కోడిగుడ్లయ్యాయి:
పళ్ళచక్రంలో ఎక్కడో ఇసుక రేణువు.
సెన్సార్ మీది దుమ్ము ఆకాశం నిండా గారెలు వేసింది.
దానికి మందు తెల్ల బనీను.
గొట్టం మూతికి బిగించి కట్టి
వేకువ వెలుతురుని ఫొటో తీసి
ఆ ఖాళీతో ఈ ఆకాశాన్ని భాగించాలి.
ఉపగ్రహం గీసిన గీత ఇంకా సులువు:
అరవై ఇద్దరు సాక్షుల్లో ఒక్కడే చూశానంటే
ఎవరు నమ్ముతారు? కొట్టేయ్.

మిగిలేది ఎడమ మూల పసుపు.

అది హెల్వె వాకిట్లో బల్బు.
వంద అడుగుల దూరం, అరవై వాట్లు.
నలభై ఏళ్ళు లైట్‌హౌస్‌లో పనిచేసిన మనిషి.
చీకట్లో దీపం ఆర్పడమనే పని
ఆ వేళ్ళకి ఎవరూ నేర్పలేదు.
అడుగుదామని రెండుసార్లు గేటుదాకా వెళ్ళాను.
ఒకసారి పొగబెట్టిన చేప చేతిలో పెట్టింది.
రెండోసారి గాలి ఎటు తిరిగిందో మాట్లాడి వచ్చేశాను.
అంతకంటే తేలిక
ఆకాశం మీద అక్కడక్కడా చుక్కలు పెట్టి
వెలుగు ఎటు వాలిందో లెక్కగట్టి
తీసేయడం.
ఆరేళ్ళుగా తీస్తున్నాను.
ఆ బల్బు వాలు నాకు
నా చేతిరాత కంటే బాగా తెలుసు.

నిన్న రాత్రి మొదటి ఫొటో తెరమీదికొచ్చింది.
మూల నల్లగా ఉంది.
అబ్బ, అనుకున్నాను, హుడ్ పనిచేసింది!
నల్ల అట్టతో నేనే చుట్టిన హుడ్.
రెండోది. మూడోది.
సూదిని నిలువునా చీల్చే దుమ్ముపట్టీ
ఎన్నడూ ఇంత తేటగా లేదు.
నాలుగోది నడుస్తుండగా
తల తిప్పి చూశాను, ఆకాశం వైపు కాదు.

ఆ ఫొటో పాడయింది. నా పరుగు అందులో ఉంది:
నక్షత్రాలన్నీ ఒక్కసారి ఉలిక్కిపడి
మళ్ళీ ఎవరి చోట్లో వాళ్ళు సర్దుకున్నారు.

తలుపుకి గడియ లేదు.
కోటు వేసుకుని కిటికీ దగ్గర కుర్చీలో హెల్వె,
చేతిలో టార్చి, సముద్రం వైపు పట్టుకుని.
బ్యాటరీ చచ్చి, నారింజతొన రంగుకి దిగి,
ఆ వెలుగు కిటికీ అద్దం కూడా దాటడం లేదు.
"బల్బు మాడింది. కొట్టు సోమవారందాకా తీయరు"
ఇటు తిరగకుండానే అంది.
"నీకు మంచి రాత్రి కదా, టావెట్. పో, తీసుకో ఫొటోలు."

తెలుసన్నమాట.
ఆరేళ్ళూ తెలుసన్నమాట.

మా కొట్టంలో బల్బు విప్పి తెచ్చాను.
స్టూలు ఆమె పట్టుకుంది, గట్టిగా,
నిచ్చెనలు పట్టుకోవడం తెలిసిన పట్టు.
వెలిగింది.
పసుపు మంచు మీద పరుచుకుంటూ
కంచె కిందనుంచి దూరి, జూనిపర్లు దాటి
అలవాటైన పిల్లిలా
నా గొట్టం కాళ్ళ దగ్గరికి వెళ్ళి పడుకుంది.

ఇవాళ వంటింటి బల్ల మీద
మళ్ళీ చుక్కలు పెట్టాను, వాలు కట్టాను, తీశాను.
బల్ల కింద ముస్తి చేప ముల్లు కొరుకుతోంది.
మొత్తం అరవై రెండు. ఒకటి నా పరుగు.
యాభై ఎనిమిదింటిలో పసుపు.
తేటగా వచ్చినవి మూడే.

ముగ్గురే చూశామంటే ఎవరు నమ్ముతారు?
కొట్టేశాను.